ఫ్యూజుకు దిక్కున్నదా?

గాజు గొట్టము, దాని రెండు చివరల రెండు లోహపు టోపీలు, నడుమ వెండ్రుక వంటి సన్నని తీగ: ఆంప్లిఫయరు వెనుక బిగించే ఫ్యూజును చూడని సైన్సు ఉపాధ్యాయుడు ఉండడు. దాని పొడవు 20 మిల్లీమీటర్లు, లావు 5 మిల్లీమీటర్లు. ఇంత చిన్న వస్తువుకు మొగము ఒకటి, వీపు ఒకటి ఉంటాయా? దానిని ఊడదీసి, అటు చివర ఇటు వచ్చేటట్లు తిప్పి పెడితే పాట మారుతుందా? మారుతుందని గట్టిగా చెప్పేవారు ఉన్నారు. గాయకుని గొంతు ముందుకు వచ్చినదని, తంబుర శ్రుతి నిండుగా వినిపించినదని, మృదంగము దెబ్బకు బిగువు కలిగినదని వారు అంటారు.

ఖరీదైన సంగీత యంత్రములను ఇంట పెట్టుకొనే పాశ్చాత్య దేశముల అభిమానులలో ఈ నమ్మకము బాగా వ్యాపించినది. వారి కొరకు ప్రత్యేకముగా ఫ్యూజులు చేసి అమ్మే కంపెనీలు కూడ ఉన్నవి. టోపీలకు బంగారు పూత, లోపల వెండి తీగ, గొట్టము మీద దిక్కును తెలిపే గుర్తు. ధర ఒక్కొక్కదానికి నూరు డాలర్లకు పైమాటే. మామూలు గాజు ఫ్యూజు మన అంగళ్ళలో కొద్ది రూపాయలకు దొరుకుతుంది.

మా దౌల్తాబాదు ప్రాంతములో ఒక ఫ్యూజు కొరకు వేల రూపాయలు పోసేవారు అరుదు. అయినా ఈ వాదమును ఇక్కడ విచారించుటకు రెండు కారణములు ఉన్నవి. మనము పాఠశాలలో చెప్పే ఓము సూత్రము, జౌలు సూత్రము పరీక్ష పేపరుకు మాత్రమే పనికివస్తాయా, లేక అమ్మకపు మాటలను తూచుటకు కూడ పనికివస్తాయా అన్నది ఒకటి. ఫ్యూజును గూర్చిన తప్పు అభిప్రాయము వలన డబ్బు పోవుటతో ఆగదు, ఇల్లు కాలవచ్చును, ప్రాణము పోవచ్చును అన్నది రెండవది. అక్కడివారు ఫ్యూజుకు లేని గుణమును అంటగడుతున్నారు. ఇక్కడ మనవారు దానికి ఉన్న గుణమును కూడ తీసివేస్తున్నారు. రెండు పొరపాట్లకూ మూలము ఒక్కటే. ఫ్యూజు ఏమి చేస్తుందో అడగక పోవుట.

పూర్వపక్షము

ఎదుటివారి మాటను బలహీనముగా చెప్పి ఖండించుట న్యాయము కాదు. కాబట్టి వారి వాదమును దాని పూర్తి బలముతోనే ముందు పెట్టుకొందాము. వారు మూడు ఆధారములు చూపుతారు.

మొదటిది: ఫ్యూజు తీగను లోహపు కడ్డీ నుండి సన్నని రంధ్రముల గుండా లాగి తీస్తారు. లాగినప్పుడు లోహములోని స్ఫటిక రేణువులు పొడవుగా సాగుతాయి. తీగకు ఒక మొదలు, ఒక తుద ఉన్నవి గనుక విద్యుత్తుకు ఒక దిక్కు అనుకూలము, మరొక దిక్కు ప్రతికూలము కావలెను.

రెండవది: మిల్లీఓములను కొలిచే సున్నితమైన పరికరముతో కొలిస్తే రెండు దిక్కుల నిరోధములలో స్వల్పమైన భేదము కనిపించినది.

మూడవది: తిప్పి పెట్టి విన్నాము, తేడా తెలిసినది. వినవలసినది చెవి అయినప్పుడు మీటరుతో పని ఏమి?

మొదటిది పదార్థమును గూర్చిన మాట, రెండవది కొలతను గూర్చిన మాట, మూడవది అనుభవమును గూర్చిన మాట. మూడింటినీ వేరు వేరుగా పరీక్షింపవలెను. అంతకు ముందు ఫ్యూజు ఎక్కడ కూర్చున్నదో చూడవలెను.

సెకనుకు నూరు మలుపులు

ఇంటికి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దాని పౌనఃపున్యము సెకనుకు 50 చక్రములు. ఒక్కొక్క చక్రములో ప్రవాహము ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది. అనగా సెకనుకు నూరుసార్లు దిక్కు మారుతుంది. ఆంప్లిఫయరులోనికి విద్యుత్తు ప్రవేశించే చోటనున్న ఫ్యూజులో రెండు దిక్కులకూ సమానముగా ప్రవాహము నడుస్తుంది. ఇటువంటి చోట "సరియైన దిక్కు" అను మాటకు అర్థమే దొరకదు. ఫ్యూజును తిప్పి పెట్టుట వలన జరిగేది ఏమనగా, ఇంతకుముందు చక్రపు మొదటి సగములో పడిన దిక్కు ఇప్పుడు రెండవ సగములో పడుతుంది. ఫ్యూజు దృష్టిలో ఇది స్విచ్చిని సెకనులో నూరవ వంతు ఆలస్యముగా వేసినదానితో సమానము.

దీనికి వాదులు ఒక సమాధానము చెబుతారు. ప్రవాహము అటూ ఇటూ ఊగినా శక్తి మాత్రము గోడలోని సాకెట్టు నుండి యంత్రము వైపే పోతున్నది కదా, ఆ దిక్కునే మేము చెబుతున్నాము అని. శక్తి ఒక వైపే పోవుట నిజమే. అయితే ఆ శక్తిలో ఫ్యూజు తీసుకొనే భాగము ఎంత? జౌలు 1841లో ప్రకటించిన సూత్రము ప్రకారము తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గమునకు అనుపాతములో ఉంటుంది. వర్గము చేసినప్పుడు ధన, ఋణ చిహ్నములు రెండూ పోతాయి. ప్రవాహము ఎటు పోయినా ఫ్యూజుకు వేడి ఒక్కటే. ఆ సూత్రములో దిక్కును చెప్పుటకు చోటు లేదు.

ఇక పరిమాణములను చూద్దాము. 2 ఆంపియర్ల గాజు ఫ్యూజు నిరోధమును సుమారు 0.05 ఓము అనుకొనవచ్చును. ఇంటి ఆంప్లిఫయరు అర ఆంపియరు తీసుకొంటున్నదనుకొందాము. అప్పుడు ఫ్యూజు మీద తగ్గే వోల్టేజి 0.025 వోల్టు. 230 వోల్టులలో ఇది తొమ్మిది వేల వంతులలో ఒక వంతు. ఇది ఫ్యూజు ఉన్నందున కలిగే మొత్తము ప్రభావము. తిప్పి పెట్టినందువలన ఆ నిరోధము నూటికి ఒక వంతు మారినదని ఒప్పుకొన్నా, తేడా 0.00025 వోల్టు, అనగా 230 వోల్టులలో సుమారు తొమ్మిది లక్షల వంతులలో ఒకటి.

దీని ప్రక్కన మన లైన్లలో వచ్చే హెచ్చుతగ్గులను పెట్టి చూడుడు. 1956 నాటి భారత విద్యుత్తు నియమావళి ఇళ్ళకు ఇచ్చే వోల్టేజిలో 6 శాతము వరకు హెచ్చుతగ్గులను అనుమతించినది. 230 వోల్టులకు అది 13.8 వోల్టులు. తాండూరులో నాపరాళ్ళను నునుపు చేసే యంత్రము గాని, పొలములో బోరు మోటారు గాని అదే లైను మీద మొదలయినప్పుడు ఇంటి దీపము ఒక్క క్షణము మసకబారుట మనము చూస్తూనే ఉంటాము. కనుక ఆంప్లిఫయరును తయారుచేసేవారు ఈ హెచ్చుతగ్గులను దృష్టిలో ఉంచుకొనియే ట్రాన్స్‌ఫార్మరు, డయోడులు, పెద్ద కెపాసిటర్లు అమరుస్తారు. పాటకు కావలసిన ప్రవాహము ఆ కెపాసిటర్ల నుండి వస్తుంది. పదమూడు వోల్టుల ఊగును మ్రింగి ఊరకుండే యంత్రము వోల్టులో నాలుగు వేలవ వంతునకు గొంతు మార్చుకొంటుందనుట నమ్మదగినదిగా లేదు.

లోహములో దిక్కు

తీగను లాగినప్పుడు స్ఫటిక రేణువులు సాగుతాయన్న మాట నిజము. రాగిని, వెండిని సూక్ష్మదర్శినిలో పరీక్షించినవారికి అది తెలుసు. లాగిన తీగ నిరోధము, కాల్చి చల్లార్చిన తీగ నిరోధము కొద్దిగా వేరుగా ఉండుట కూడ నిజమే. అయితే అక్కడి నుండి "ఒక దిక్కుకు తక్కువ, ఎదురు దిక్కుకు ఎక్కువ" అన్న నిర్ణయమునకు దారి లేదు. ఎలక్ట్రానులు రేణువుల సరిహద్దులకు తగిలి చెదరుట చేత కూడ కొంత నిరోధము కలుగుతుంది. ఒక సరిహద్దు ఇటునుండి వచ్చినా, అటునుండి వచ్చినా ఒకే సరిహద్దు. దౌల్తాబాదు నుండి కొడంగలుకు ఎంత దూరమో కొడంగలు నుండి దౌల్తాబాదుకూ అంతే దూరము, దారిలో గుంతలు ఎన్ని ఉన్నా సరే. ఓము 1827లో ప్రకటించిన సూత్రములో వోల్టేజిని తలక్రిందులు చేస్తే ప్రవాహము అంతే విలువతో తలక్రిందులవుతుంది. లోహపు తీగలు ఈ సూత్రమును ఎంత నిక్కచ్చిగా పాటిస్తాయో మన ప్రయోగశాలల మీటరు బ్రిడ్జి ప్రతి సంవత్సరమూ చూపుతున్నది.

కొన్ని గాజు ఫ్యూజులలో ఒక చివర స్ప్రింగు, మరొక చివర టంకపు ముద్ద ఉంటాయి. ఇవి క్షణకాలపు పోటును ఓర్చుకొని నింపాదిగా కరిగే రకము. చూచుటకు వీటి రెండు చివరలు ఒకటి కావు. వీటి నిరోధము కూడ ఎటునుండి కొలిచినా ఒక్కటే. ఆకారములో అసమానత ఉన్నంత మాత్రమున ప్రవాహములో అసమానత రాదు.

నిజముగా దిక్కు గల పదార్థములు ప్రకృతిలో లేకపోలేదు. 1874లో ఫెర్డినాండు బ్రౌన్ కొన్ని లోహ సల్ఫైడు స్ఫటికముల మీద సన్నని లోహపు మొనను ఆనించినప్పుడు ప్రవాహము ఒక దిక్కుకు సులభముగా, ఎదురు దిక్కుకు కష్టముగా పోవుటను గమనించినాడు. మన జగదీశచంద్ర బోసు గెలీనా స్ఫటికముతో విద్యుత్తరంగములను పసిగట్టే సాధనమును నిర్మించి, 1901లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టగా 1904లో అది మంజూరయినది. నేటి డయోడుల వంశము అక్కడ మొదలయినది. ఇక్కడ దిక్కు ఎందుకు కలిగినది? రెండు వేర్వేరు పదార్థములు కలిసే సరిహద్దును ప్రవాహము అడ్డముగా దాటవలసి ఉన్నది, అందులో ఒకటి అర్ధవాహకము. ఫ్యూజులో తీగ లోహము, టోపీ లోహము, టంకము లోహము. అర్ధవాహకము లేదు.

తీగ పైన పట్టిన ఆక్సైడు పొర అర్ధవాహకము కావచ్చును కదా అని తెలివైన విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్న. రాగి ఆక్సైడుతో ప్రవాహమును ఒక దిక్కుకు మళ్ళించే పలకలను ఇరవయ్యవ శతాబ్దములో చాలకాలము వాడినారు. అయితే ఆ పలకలలో ప్రవాహము పొరను దాటిపోతుంది. ఫ్యూజు తీగలో ప్రవాహము లోహము వెంటనే పొడవునా పోతుంది, పైపొర దానికి ప్రక్కన ఊరక ఉంటుంది.

మరొక సంగతి. ఫ్యూజు నిజముగానే ఒక దిక్కుకు ఎక్కువ ప్రవాహమును పోనిస్తే అది మేలు కాదు, కీడు. ఏకాంతర విద్యుత్తులో రెండు సగములు సమానము కాకపోతే, మిగిలిన భాగము ఏకముఖ విద్యుత్తుగా ట్రాన్స్‌ఫార్మరులోనికి పోతుంది. దాని ఇనుప దిమ్మ ఒక వైపుకు అయస్కాంతీకరణము చెంది, "గుయ్"మని మ్రోగుతుంది. దిక్కు గల ఫ్యూజును కనిపెట్టుటకు చెవి అక్కరలేదు, ఈ ఏకముఖ భాగమును కొలిస్తే చాలును. సంగీతమును మెరుగుపరచుటకు డయోడును ఫ్యూజు స్థానములో పెట్టుమని ఏ ఇంజనీరూ చెప్పడు.

కొలతలో కనిపించిన భేదము

రెండవ ఆధారము కొలత. కొలతను కొట్టివేయరాదు, అది ఎట్లు వచ్చినదో అడుగవలెను. 0.05 ఓము నిరోధమును కొలుచుట సులభము కాదు. మీటరు తీగలు, వాటి మొనలు టోపీని తాకే చోటు, ఇవన్నీ తలా కొంత నిరోధమును కలుపుతాయి. ప్రతిసారీ మొనను వేరొక చోట వేరొక ఒత్తిడితో ఆనిస్తాము గనుక ఆ భాగము ప్రతిసారీ మారుతుంది.

ఇంతకంటె సూక్ష్మమైన మోసము ఇంకొకటి ఉన్నది. వేర్వేరు లోహముల అతుకులు వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద ఉంటే స్వల్పమైన వోల్టేజి పుడుతుందని 1821లో సీబెక్ కనుగొన్నాడు. రాగి, సీసపు టంకము కలిసిన అతుకులో ఇది డిగ్రీకి 1 నుండి 3 మైక్రోవోల్టులు. 10 మిల్లీఆంపియర్ల ప్రవాహముతో మన ఫ్యూజును కొలిస్తే దాని మీద వోల్టేజి 500 మైక్రోవోల్టులు. ఫ్యూజును వ్రేళ్ళతో పట్టుకొన్నప్పుడు ఒక టోపీ రెండవదానికంటె ఒక డిగ్రీ వేడెక్కినదనుకొందాము. ఒక దిక్కున 503, తిప్పి పెట్టగానే 497 చూపవచ్చును. నూటికి ఒకటికి మించిన "దిక్కు" పుట్టినది. అది లోహములో లేదు, వ్రేళ్ళ వెచ్చదనములో ఉన్నది. ఈ కారణము చేతనే స్వల్ప నిరోధములను కొలిచేవారు ప్రవాహమును ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపించి సగటు తీసుకొంటారు. మీటరు బ్రిడ్జిలో నిరోధముల స్థానములను తారుమారు చేసి మళ్ళీ కొలువుమని మనము విద్యార్థులకు చెప్పుటలోని నీతి కూడ ఇదే.

వాదములో ఉన్న నిజము

విమర్శ అనగా నిందించుట కాదు, సారమును పొల్లు నుండి వేరు చేయుట. ఈ వాదము చుట్టూ మూడు నిజములు ఉన్నవి.

ఒకటి. ఫ్యూజు హోల్డరు క్లిప్పులకు కాలక్రమమున మకిలి పడుతుంది. ఫ్యూజును ఊడదీసి పెట్టినప్పుడు టోపీ క్లిప్పుకు రాచుకొని ఆ మకిలి కొంత రాలిపోతుంది. వదులుగా ఉండి చిటపటమనే సంబంధము బాగుపడవచ్చును. అప్పుడు శబ్దములో తేడా నిజముగానే వినిపించును. కాని ఆ మేలు తిప్పినందువలన కలిగినది కాదు, ఊడదీసి పెట్టినందువలన కలిగినది. తిప్పినవాడు రెండు పనులు ఒకేసారి చేసి, ఫలమంతయు ఒక పనికే కట్టబెడుతున్నాడు. ఈ వాదములోని అసలు లోపము ఇదే అని నా అభిప్రాయము. ఊడదీసి మళ్ళీ ఉన్నట్లే పెట్టి చూడని ప్రయోగము ప్రయోగము కాదు.

రెండు. కొన్ని యంత్రములలో లౌడుస్పీకరుకు పోయే దారిలోనే ఫ్యూజు ఉంటుంది. అక్కడ పాట అంతయు ఆ తీగ గుండా పోవలెను. మంద్ర స్వరములు పోయేటప్పుడు తీగ ప్రతి అర చక్రములోను కొద్దిగా వేడెక్కి, కొద్దిగా చల్లబడుతుంది. దానితో నిరోధము పెరిగి తరుగుతుంది. అందువలన మూల స్వరమునకు మూడు రెట్ల పౌనఃపున్యము గల అనుస్వరము సన్నగా చేరుతుంది. ఆంప్లిఫయర్ల రూపకల్పనపై ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన ఆంగ్ల ఇంజనీరు డగ్లస్ సెల్ఫ్ దీనిని కొలిచి చూపినాడు. కాబట్టి "ఫ్యూజు శబ్దమును ఎన్నడూ తాకదు" అనుట కూడ తప్పే. అయితే ఇక్కడ గమనింపవలసినది ఆ అనుస్వరము మూడవది అగుట. రెండు దిక్కులకూ ఒకే విధముగా ప్రవర్తించే వస్తువు మూడవ, ఐదవ అనుస్వరములనే పుట్టించగలదు. దిక్కు గల వస్తువు అయితే రెండవ, నాల్గవ అనుస్వరములు కూడ రావలెను. ఫ్యూజు వలన కలిగే ఒకే ఒక నిజమైన దోషము కూడ దానికి దిక్కు లేదనే సాక్ష్యము చెబుతున్నది.

మూడు. దిక్కు చూచి బిగింపవలసిన రక్షణ సాధనములు కొన్ని ఉన్నవి. సౌర ఫలకముల ఏకముఖ విద్యుత్తుకు వాడే కొన్ని బ్రేకర్లలో, తెగినప్పుడు పుట్టే విద్యుత్తు మంటను ఒక ప్రక్కకు నెట్టుటకు అయస్కాంతము పెడతారు. వీటి మీద ధన, ఋణ గుర్తులు ఉంటాయి. తిరుగవేస్తే మంట ఆరక ప్రమాదము కలుగవచ్చును. మన గాజు ఫ్యూజు మీద ఉండవలసిన వివరములను 60127 సంఖ్య గల అంతర్జాతీయ ప్రమాణము నిర్ణయించినది: ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వోల్టులు, త్వరగా కరిగేదా, నింపాదిగా కరిగేదా. దిక్కు గుర్తు ఆ జాబితాలో లేదు.

చెవి సాక్ష్యము

మూడవ ఆధారము అనుభవము. విన్నామని చెప్పేవారు అబద్ధమాడుతున్నారని నేను అనను. వారికి నిజముగానే తేడా వినిపించినది. ప్రశ్న ఏమనగా, ఆ తేడా లౌడుస్పీకరు నుండి వచ్చినదా, ఎదురుచూపు నుండి వచ్చినదా అని.

విజ్ఞాన చరిత్రలో దీనికి సమమైన కథ ఉన్నది. 1903లో ఫ్రాన్సులో బ్లాండ్లో అను పేరున్న శాస్త్రజ్ఞుడు ఎన్-కిరణములు అను క్రొత్త కిరణములను కనుగొన్నానని ప్రకటించినాడు. చీకటి గదిలో మసక వెలుగు కొంచెము ప్రకాశవంతమగుట వాటికి గుర్తు. ఎందరో తామును చూచినామన్నారు. 1904లో అమెరికా శాస్త్రజ్ఞుడు వుడ్ ఆ ప్రయోగశాలకు పోయి, చీకటిలో ఎవరికీ తెలియకుండ ముఖ్యమైన అల్యూమినియము పట్టకమును తీసివేసినాడు. చూచేవారికి కిరణములు ఎప్పటివలెనే కనిపించినవి! బ్లాండ్లో మోసగాడు కాడు. కన్ను అంచున ఉన్న విషయములలో మనస్సు తాను కోరినదానిని చూపుతుంది. చెవి కూడ అంతే.

కాబట్టి వినేవానికి ఫ్యూజు ఎటు ఉన్నదో తెలియకుండ పరీక్షింపవలెను. తెర వెనుక ఒకరు నాణెము ఎగురవేయవలెను. బొమ్మ పడితే ఫ్యూజును ఊడదీసి తిప్పి పెట్టవలెను, బొరుసు పడితే ఊడదీసి ఉన్నట్లే పెట్టవలెను. వినేవాడు "తిప్పినారు" లేక "తిప్పలేదు" అని కాగితము మీద వ్రాయవలెను. ఇట్లు పదిసార్లు. ఊరక ఊహించేవాడు కూడ పదింటికి ఐదు సరిగా చెప్పుట మామూలే. సరిగ్గా ఐదు కలిసే అవకాశము నూటికి సుమారు 25. ఎనిమిది లేక అంతకంటె ఎక్కువ కలిసే అవకాశము 1024లో 56, తొమ్మిది లేక పది కలిసే అవకాశము 1024లో 11, పదికి పది కలిసే అవకాశము 1024లో ఒకటి. పదికి ఏడు చెప్పినవానిని చూచి మురిసిపోరాదు. పదికి పది చెప్పి, మరునాడు మళ్ళీ పదికి పది చెప్పినవాడు దొరికితే, పైన నేను వ్రాసిన పేజీలను తిరిగి తెరువవలసినదే. విజ్ఞానము ఆ తలుపును ఎన్నడూ మూయదు.

ఇటువంటి పరీక్షలకు తర్కమును సమకూర్చినవాడు ఫిషర్. పాలు ముందు పోసిన టీకి, తరువాత పోసిన టీకి రుచిలో తేడా చెప్పగలనన్న ఒక స్త్రీని ఎనిమిది కప్పులతో ఎట్లు పరీక్షింపవలెనో ఆయన 1935 నాటి గ్రంథములో వివరించినాడు. ఊహతో అన్నియు సరిగా చెప్పే అవకాశము 70లో ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివిన మన తెలుగువాడు సి. ఆర్. రావు ఆ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినాడు. ఫ్యూజు వాదమును తేల్చుటకు కావలసిన గణితము మనకు పరాయిది కాదు.

ఫ్యూజు అసలు పని

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాము. ఫ్యూజు ప్రాణము పోయుటకు పుట్టలేదు, ప్రాణము విడుచుటకు పుట్టినది. ప్రవాహము హద్దు మీరినప్పుడు అన్నింటికంటె ముందు తాను కరగి దారి తెంపవలెను. సన్నని తీగ ఎంత ప్రవాహమునకు కరుగుతుందో 1884లో విలియం ప్రీస్ ఒక సూత్రము ఇచ్చినాడు. రాగి తీగ వ్యాసమును మిల్లీమీటర్లలో తీసుకొని, దానిని దాని వర్గమూలముతో గుణించి, వచ్చినదానిని 80తో గుణిస్తే కరిగే ప్రవాహము ఆంపియర్లలో సుమారుగా వస్తుంది. 0.2 మిల్లీమీటర్ల పోగు 7 ఆంపియర్లకు, 0.5 మిల్లీమీటర్లది 28 ఆంపియర్లకు, 1 మిల్లీమీటరుది 80 ఆంపియర్లకు కరుగుతుంది. లావు రెట్టింపయితే ప్రవాహము దాదాపు మూడు రెట్లవుతున్నది. ఈ లెక్కలో లావు ఉన్నది, లోహము ఉన్నది. దిక్కు మాత్రము లేదు.

ఈ లెక్కను పట్టుకొని ఊరిలో పింగాణీ ఫ్యూజులను విప్పి చూడుడు. ఫ్యూజు తీగ స్థానములో దొరికిన వైరు నుండి తీసిన రాగి పోగులు రెండు మూడు మెలివేసి కట్టినవి కనిపిస్తాయి. "మాటిమాటికి పోతున్నది, కాస్త గట్టిది వేయి" అనుట మనకు అలవాటు. 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు భరింపగలిగేది సుమారు 15 ఆంపియర్లు. దాని ముందు 80 ఆంపియర్లకు గాని కరగని తీగ కట్టితే, గోడలోని వైరే ఫ్యూజు అవుతుంది. మైకు సెట్టు ఆంప్లిఫయరులో 2 ఆంపియర్ల గాజు ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్టు పెట్టెలోని వెండి రేకు చుట్టి పెట్టేవారిది కూడ ఇదే త్రోవ. అప్పుడు ముందు కాలేది ట్రాన్స్‌ఫార్మరు చుట్ట. వింత ఏమనగా, ఖరీదైన ఫ్యూజుల అభిమానులలో కొందరు కూడ శబ్దము విప్పారుతుందని చెప్పి నిర్ణయించిన దానికంటె ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజును వాడుతున్నారు. బంగారు పూత ఒక చోట, వెండి రేకు ఒక చోట, ఫలము ఒక్కటే. ఫ్యూజుకు దిక్కు లేదు, కాని ఇంటికి ఫ్యూజే దిక్కు.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును విద్యార్థులకు చూపుటకు ఇంటి విద్యుత్తును ముట్టుకోనక్కరలేదు, ముట్టుకొనరాదు కూడ. 6 వోల్టుల బ్యాటరీ, అర ఆంపియరు తీసుకొనే 6 వోల్టుల బల్బు, 1 ఆంపియరు గాజు ఫ్యూజు, దానికి హోల్డరు, 200 మిల్లీవోల్టుల వరకు కొలిచే డిజిటల్ మీటరు చాలును. మూడింటినీ శ్రేణిలో కలిపి, ఫ్యూజు రెండు టోపీల నడుమ వోల్టేజిని కొలవవలెను. పలుమార్లు ఫ్యూజును ఊడదీసి ఉన్నట్లే పెట్టి పది కొలతలు, ఊడదీసి తిప్పి పెట్టి పది కొలతలు వ్రాసుకొనవలెను. రెండు వరుసల సగటులను మాత్రమే చూడక, ఒక్కొక్క వరుసలో అతి చిన్న కొలతకు, అతి పెద్ద కొలతకు నడుమ ఎంత దూరమున్నదో కూడ చూడవలెను. తరువాత మీటరు మొనలను టోపీల మీద గాక హోల్డరు కాళ్ళ మీద ఆనించి ఇదే పనిని మళ్ళీ చేయవలెను. క్లిప్పుల స్పర్శ వలన కలిగే హెచ్చుతగ్గులు అప్పుడు బయటపడతాయి.

ఈ ప్రయోగము తరువాత బల్లకు రెండువైపులా ఇద్దరు విద్యార్థులను నిలిపి, ఒకనిచేత వాదుల పక్షమును, మరొకనిచేత విమర్శకుని పక్షమును చెప్పించవచ్చును. ప్రతి మాటకు "దీనిని తేల్చుటకు దేనితో దేనిని పోల్చవలెను?" అన్న ప్రశ్న వేయుట ఉపాధ్యాయుని వంతు. గంట ముగిసే ముందు, ప్రతి విద్యార్థి ఇంటికి పోయి పెద్దలను అడిగి తన ఇంటి ఫ్యూజులో ఏ తీగ ఎంత లావున ఉన్నదో తెలుసుకొని మరునాడు వ్రాసుకొని రావలెనని చెప్పవలెను. విప్పి చూచే పని మాత్రము మెయిన్ స్విచ్చి ఆపిన తరువాత, పని తెలిసిన పెద్దలే చేయవలెను.